ఉత్తర్వు చూపించండి: ఇంటర్నెట్‌పై కత్తెర, దానితో జనం పోరు

2012 నవంబరు 18, ఆదివారం. అంతకు ముందురోజు శివసేన వ్యవస్థాపకుడు బాల్ ఠాక్రే కన్నుమూశారు. ముంబయి మొత్తం మూతబడింది. నగరానికి ఉత్తరాన ఉన్న పాల్ఘర్‌లో 21 ఏళ్ల అమ్మాయి ఒకరు ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసింది. మనుషులు రోజూ పుడుతుంటారు, పోతుంటారు, దానికి బంద్ ఎందుకని అడిగింది. భగత్ సింగ్, సుఖ్‌దేవ్‌ల కోసం మనం రెండు నిమిషాలు మౌనం పాటించి ఎన్నాళ్లయిందని అడిగింది. ముంబయి మూతబడింది గౌరవంతో కాదు, భయంతో అంది. బూతు లేదు, బెదిరింపు లేదు. ఆమె స్నేహితురాలు ఆ పోస్టుకు లైక్ కొట్టింది. కొద్ది గంటల్లోనే పోస్టు రాసిన అమ్మాయి బంధువు నడుపుతున్న ఎముకల ఆసుపత్రి మీద గుంపు పడి విధ్వంసం చేసింది. పోలీసులు ఇద్దరమ్మాయిలనూ స్టేషనుకు తీసుకెళ్లారు. మర్నాడు అరెస్టు చూపించారు. రాసిన పిల్లకూ లైక్ కొట్టిన పిల్లకూ ఒకటే కేసు.

మన దేశంలో ఇంటర్నెట్ సెన్సార్‌షిప్ మీద సామాన్య జనానికి నిజంగా కోపం వచ్చింది ఆ రోజే అని నా అభిప్రాయం. అంతకు ముందు కూడా అభ్యంతరాలు ఉన్నాయి. కానీ అవి న్యాయవాదులవి, సాంకేతిక నిపుణులవి, కొద్దిమంది పాత్రికేయులవి. పాల్ఘర్ తర్వాత ప్రతి ఇంట్లో తల్లిదండ్రులు తమ పిల్ల చేతిలోని ఫోను వంక కొత్తగా చూశారు. దేశమంతా దుమారం రేగాక మహారాష్ట్ర ప్రభుత్వం ఇద్దరు పోలీసు అధికారులను సస్పెండ్ చేసింది. అమ్మాయిలపై కేసు మూతబడింది. కానీ వారిని స్టేషను దాకా నడిపించిన చట్టం అలాగే ఉండిపోయింది.

ఆ చట్టం పేరు సమాచార సాంకేతిక చట్టం, సెక్షన్ 66ఎ. దాని పుట్టుక తెలిస్తేనే తర్వాతి కథ అర్థమవుతుంది. 2008 డిసెంబరులో, ముంబయి దాడులు జరిగి నెల కూడా తిరగకముందే, ఐటీ చట్టానికి సవరణలను పార్లమెంటు దాదాపు చర్చే లేకుండా ఆమోదించింది. 2009 అక్టోబరు 27 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. కంప్యూటర్ ద్వారా గానీ ఫోను ద్వారా గానీ ‘తీవ్రంగా నొప్పించే’ సమాచారం పంపితే నేరం. అబద్ధమని తెలిసీ ఒకరికి ‘చికాకు’, ‘అసౌకర్యం’ కలిగించాలని పంపినా నేరం. మూడేళ్ల దాకా జైలు. వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. చికాకు అంటే ఎంత చికాకు? ఎవరికి? చట్టంలో ఎక్కడా నిర్వచనం లేదు. టీ కొట్టు దగ్గర నలుగురిలో అంటే నేరం కాని మాట, ఫేస్‌బుక్‌లో రాస్తే జైలుకు పంపించేది.

2012 ఏప్రిల్లో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మీద వచ్చిన ఒక వ్యంగ్యచిత్రాన్ని ఈమెయిల్లో పంపినందుకు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడిని అరెస్టు చేశారు. అక్టోబరులో, కేంద్ర మంత్రి కుమారుడి గురించి ట్వీట్ చేసినందుకు పుదుచ్చేరి వ్యాపారిని తెల్లవారుజామున ఇంటి నుంచి తీసుకెళ్లారు. మన దగ్గరకు వస్తే, 2013 మేలో చీరాల ఎమ్మెల్యే మీద, అప్పట్లో తమిళనాడు గవర్నరుగా ఉన్న మన రాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి మీద ఫేస్‌బుక్‌లో ఆరోపణలు రాశారని ఒక మహిళా న్యాయవాదిని అరెస్టు చేశారు. ఆమె పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్‌కు ఆంధ్రప్రదేశ్ అధ్యక్షురాలు. ఆరోపణలు అబద్ధమైతే పరువునష్టం దావా వేయడానికి చట్టంలో ఎప్పటినుంచో దారి ఉంది. ఆ దారి వదిలి నేరుగా జైలు దారి పట్టారు. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎస్పీ స్థాయి లేదా అంతకు పై అధికారి అనుమతి లేకుండా 66ఎ కింద ఎవరినీ అరెస్టు చేయవద్దని 2013 మే 16న కోర్టు చెప్పింది. దేశమంతటికీ వర్తించిన ఆ మాట వెనుక ఉన్నది ఒక తెలుగు మహిళ అరెస్టు. మనం గుర్తుంచుకోవలసిన విషయమిది.

జనం ఊరుకోలేదు. 2012 జూన్ 9న అనేక నగరాల్లో యువకులు తెల్లటి నవ్వుముఖం మాస్కులు తగిలించుకుని వీధుల్లోకి వచ్చారు. అప్పటి తక్షణ కారణం సినిమాలు. ఒక తమిళ చిత్రం, ఒక తెలుగు చిత్రం పైరసీని ఆపాలంటూ మద్రాసు హైకోర్టు నుంచి తెచ్చుకున్న ఉత్తర్వులను పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు కొన్ని వెబ్‌సైట్లను మొత్తానికి మొత్తంగా మూసేశాయి. దొంగ కాపీ ఉన్న ఒక్క పేజీని తీయమంటే సైటునంతా తీశారు. ఆ నెలలోనే హైకోర్టు తన ఉద్దేశం అది కాదని, ఏ లింకు అన్నది స్పష్టంగా చెప్పాలని వివరణ ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో కార్టూనిస్టు అసీమ్ త్రివేదిని రాజద్రోహం కేసులో అరెస్టు చేశారు. బయటికి వచ్చాక ఆయన, మిత్రులు 66ఎ రద్దు కోరుతూ ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నిరాహారదీక్షకు కూర్చున్నారు. పాల్ఘర్ వార్త చదివిన శ్రేయా సింఘాల్ అనే విద్యార్థిని ఆ నవంబరులోనే సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది.

తీర్పు 2015 మార్చి 24న వచ్చింది. ధర్మాసనంలో ఇద్దరు న్యాయమూర్తులు. ఒకరు కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జాస్తి చలమేశ్వర్, మరొకరు తీర్పు రాసిన రోహింటన్ నారిమన్. 66ఎ రాజ్యాంగ విరుద్ధమని మొత్తంగా కొట్టివేశారు. ఆ తీర్పులో రెండు చోట్ల ఆగి చూడాలి.

మొదటిది. ఒక విషయం గురించి చర్చించడం వేరు, దాన్ని సమర్థిస్తూ వాదించడం వేరు, దానికోసం జనాన్ని ఉసిగొల్పడం వేరు అన్నారు. మొదటి రెండూ ఎంత మందికి మింగుడుపడకపోయినా వాక్‌స్వాతంత్ర్యమే. మూడో మెట్టు ఎక్కినప్పుడే ప్రభుత్వం అడ్డుపడవచ్చు. ఏ మాట తీవ్రంగా నొప్పిస్తుందో తేల్చడంలో ఇంగ్లండులో శిక్షణ పొందిన న్యాయమూర్తులే ఒకే సంగతిపై పరస్పర విరుద్ధమైన నిర్ణయాలకు వచ్చారని కూడా తీర్పు ఎత్తిచూపింది. న్యాయమూర్తులకే తేలని గీతను రాత్రిపూట స్టేషనులో ఉన్న ఎస్సై ఎలా గీస్తారు?

రెండోది. ఈ సెక్షనును దుర్వినియోగం కానివ్వమని కేంద్రం తరఫు న్యాయవాది హామీ ఇచ్చారు. కోర్టు ఆ హామీని తీసుకోలేదు. ప్రభుత్వాలు వస్తాయి, పోతాయి, సెక్షను మాత్రం ఉండిపోతుంది, ఈ ప్రభుత్వం నిజాయితీగా మాట నిలబెట్టుకున్నా తర్వాతి ప్రభుత్వం దానికి కట్టుబడదు అన్నది. 66ఎను తెచ్చింది యూపీఏ ప్రభుత్వం, కోర్టులో సమర్థించింది ఎన్డీఏ ప్రభుత్వం. ఈ చరిత్రలో పార్టీ పేరు చూసి ఊరట పొందడానికి ఏమీ లేదు.

ఆ తీర్పుతో కథ ముగిసి ఉంటే ఈ వ్యాసం అక్కరలేదు. 2021లో పీయూసీఎల్ మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆరేళ్ల క్రితం చచ్చిపోయిన సెక్షను కింద 11 రాష్ట్రాల్లో 745 కేసులు ఇంకా నడుస్తున్నాయని లెక్క చూపించింది. ఇది దిగ్భ్రాంతికరమని ధర్మాసనం అంది. ఎలా జరిగిందంటే, చట్టం పుస్తకంలో 66ఎ పూర్తి పాఠం యథాతథంగా అచ్చవుతూనే ఉంది, కోర్టు కొట్టివేసిందన్న సంగతి మాత్రం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అటార్నీ జనరలే కోర్టుకు ఈ మాట చెప్పారు. స్టేషనులో కేసు రాసే చేయి పేజీ అడుగు దాకా వెళ్లలేదన్నమాట. ఇక మీదట ఎవరినీ ఆ సెక్షను కింద విచారించకూడదని 2022 అక్టోబరు 12న కోర్టు మరోసారి ఆదేశించవలసి వచ్చింది.

ఇంతవరకూ చెప్పినది మొదటి ముడి, కనబడే సెన్సార్‌షిప్. అరెస్టు కనబడుతుంది. ఎఫ్‌ఐఆర్ మీద సెక్షను నంబరు ఉంటుంది. పగిలిన ఆసుపత్రి ఫొటో పత్రికలో వస్తుంది. అందుకే జనం దాన్ని ఎదిరించి గెలవగలిగారు. ఇప్పుడు రెండో ముడి దగ్గరకు వద్దాం. అదే తీర్పు అదే చట్టంలోని మరో సెక్షనును చెల్లుతుందని నిలబెట్టింది. అది 69ఎ. ఈ రోజు మన ఇంటర్నెట్ మీద ఆడుతున్న కత్తెరలో పెద్దది ఇదే.

69ఎ మనిషిని జైలుకు పంపదు. మాటను మాయం చేస్తుంది. దేశ సార్వభౌమత్వం, రక్షణ, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకు ప్రేరేపణ, ఈ కారణాలపై ఏ వెబ్ పేజీనైనా, ఏ ఖాతానైనా ప్రజలకు కనబడకుండా చేయమని కేంద్రం ఆదేశించవచ్చు. పాటించని కంపెనీ బాధ్యులకు ఏడేళ్ల దాకా జైలు. దీనికి 2009లో చేసిన నిబంధనలున్నాయి. సంయుక్త కార్యదర్శి స్థాయి అధికారి ఫిర్యాదును పరిశీలిస్తారు. న్యాయ, హోం, సమాచార ప్రసార శాఖల అధికారులు, కంప్యూటర్ భద్రతా సంస్థ ప్రతినిధి కమిటీలో కూర్చుంటారు. కారణాలు రాతపూర్వకంగా ఉండాలి. కాగితం మీద పద్ధతిగానే ఉంది. ఈ రక్షణలన్నీ ఉన్నాయి కనుకనే కోర్టు దీన్ని సమర్థించింది.

చిక్కు 16వ నిబంధనలో ఉంది. వచ్చిన ఫిర్యాదులు, తీసుకున్న చర్యలు అన్నీ కచ్చితంగా గోప్యంగా ఉంచాలని అది చెబుతుంది. కారణాలు రాస్తారు, కానీ ఎవరూ చదవడానికి లేదు. సమాచార హక్కు కింద అడిగితే ఇదే నిబంధన చూపించి కుదరదంటారు. సవాలు చేయడానికి కోర్టుకు వెళ్లాలంటే ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు ఇవ్వరు.

ఇది మాటల్లో చెబితే గాలిలో ఉన్నట్టుంటుంది. వరకట్నాన్ని ఎగతాళి చేస్తూ తనుల్ ఠాకూర్ అనే సినీ విమర్శకుడు 2011లో ఒక చిన్న వెబ్‌సైటు పెట్టాడు. పేరు డౌరీ కాలిక్యులేటర్. పెళ్లికొడుకు వయసు, కులం, ఉద్యోగం, జీతం లాంటివి నింపితే మీ అబ్బాయికి ఇంత కట్నం పలుకుతుందని ఒక అంకె చూపిస్తుంది. సంబంధాలు కుదిర్చే పిన్నిగార్లందరికీ అంకితమని పైన రాసి ఉంటుంది. మన పెళ్లిచూపుల్లో కూర్చున్న ఎవరికైనా ఆ పేజీ చూడగానే గుండెలో కలుక్కుమంటుంది. 2018లో అది కట్నాన్ని ప్రోత్సహిస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. సైటు కనబడకుండా పోయింది. పెట్టిన మనిషికి నోటీసు రాలేదు, కారణం చెప్పలేదు. సమాచార హక్కు కింద అడిగితే గోప్యమన్నారు. పేరు, చిరునామా అన్నీ బయట ఉన్న మనిషి, పిలిస్తే వచ్చి తాను చేసింది వ్యంగ్యమని రెండు నిమిషాల్లో చెప్పగలిగిన మనిషి, దాదాపు నాలుగేళ్లు తిప్పలు పడ్డాడు, కోర్టు మెట్లెక్కాడు. ఉత్తర్వు ప్రతిని అతనికి ఇవ్వాలని, అతని వాదన వినాలని 2022 మేలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఒక కాగితం ముక్క కోసం దాదాపు నాలుగేళ్లు.

పార్లమెంటులో కేంద్రం చెప్పిన లెక్కల ప్రకారమే 69ఎ కింద 2014లో 471 లింకులను ఆపితే, 2020లో 9,849 ఆపారు. వాటిలో ఉగ్రవాద ప్రచారం ఎంత, పరాయి దేశపు మోసాలు ఎంత, ప్రభుత్వాన్ని విమర్శించిన మాటలు ఎన్ని? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారంతా గోప్యతకు కట్టుబడినవారే.

దీని సాంకేతిక పద్ధతి కూడా ఈ గోప్యతకు తోడవుతుంది. మన దేశంలో అన్ని తీగలూ ఒకచోట కలిసే పెద్ద గేటు లేదు. ఆపవలసిన సైట్ల జాబితాను టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకు పంపుతుంది. ఎలా ఆపాలో ఎవరికి వారు చూసుకుంటారు. కొన్ని కంపెనీలు వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే సర్వర్ దగ్గరే తప్పుడు జవాబు ఇప్పిస్తాయి. మరికొన్ని, మన ఫోను పంపే అభ్యర్థనలో సైటు పేరు కనబడగానే ఆ సంబంధాన్ని మధ్యలో తుంచేస్తాయి. లోపలి ఉత్తరం తాళం వేసి ఉన్నా కవరు మీద పేరు బయటికి కనబడుతుంది కదా, అలాగన్నమాట. అందువల్ల ఒక కంపెనీ సిమ్‌లో రాని సైటు పక్కవారి సిమ్‌లో వస్తుంది. ప్రభుత్వ ఆదేశం మేరకు నిలిపివేశామన్న సందేశం ఒక్కోసారి తెర మీద వస్తుంది. చాలాసార్లు అదీ రాదు. తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరిగి తిరిగి ఆగిపోతుంది. చూస్తున్నవారు సిగ్నల్ లేదనుకుని ఫోను పక్కన పెడతారు. తమ మీద సెన్సార్‌షిప్ జరిగిందనే తెలియని మనిషి దాన్ని ఏమని వ్యతిరేకిస్తారు?

తెలిసినప్పుడు జనం ఎంత వేగంగా కదిలారో రెండు ఉదాహరణలు చాలు. 2014 డిసెంబరులో ఉగ్రవాద సంస్థ ఐసిస్ ప్రచారాన్ని ఆపే పేరుతో 32 సైట్లను మూశారు. అందులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు రోజూ కోడ్ దాచుకునే గిట్‌హబ్ ఉంది, పాత పుస్తకాలు భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది. మనలో ఎంతోమంది పాత తెలుగు పత్రికలు, నిఘంటువులు చదువుకునేది అక్కడే. జాబితా బయటికి వచ్చి గగ్గోలు పుట్టాక వాటిని ఒక్కొక్కటిగా తెరిచారు. 2015 ఆగస్టులో 857 అశ్లీల సైట్లను ఆపమన్న ఆదేశం బయటపడి విమర్శలు రాగానే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. రెండుసార్లూ జాబితా బయటపడింది కనుకనే ఆ వెనకడుగు.

ప్రభుత్వం వైపు వాదనను తేలిగ్గా తీసేయడం నాకు ఇష్టం లేదు. 2012 ఆగస్టులో అస్సాం అల్లర్ల తర్వాత పుకార్లు పుట్టి బెంగళూరు, హైదరాబాద్, చెన్నై, పుణె నగరాల నుంచి ఈశాన్య రాష్ట్రాల వారు ప్రాణభయంతో రైళ్లెక్కారు. హోటళ్లలో, సెక్యూరిటీ కాపలాల్లో మన మధ్య పనిచేసే పిల్లలు రాత్రికి రాత్రి మూటాముల్లె సర్దుకున్నారు. అలాంటప్పుడు ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోవాలని ఎవరంటారు? పిల్లలపై లైంగిక హింస దృశ్యాలను తొలగించకూడదని ఎవరంటారు? ఒక ఆడపిల్ల నకిలీ వీడియో చక్కర్లు కొడుతుంటే గంటల్లో తీయించాలి. ఈ అధికారం ఉండాలి. కానీ 2012లో ఆపిన మూడు వందలకు పైగా లింకుల జాబితా తర్వాత బయటికి పొక్కింది. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ దాన్ని పరిశీలిస్తే, ఆ పుకార్లు అబద్ధమని చెబుతున్న పేజీలు కూడా అందులో కనిపించాయి. చీకట్లో ఆడించిన కత్తెర మందును కూడా కత్తిరించింది. వెలుతురులో పనిచేయమని అడిగేవారు ఆ తప్పులు దిద్దడానికే అడుగుతున్నారు.

మూడో ముడి కంపెనీల మెడ మీద కత్తి. ఫేస్‌బుక్, యూట్యూబ్ వంటి మధ్యవర్తి సంస్థలకు, వాడుకరులు పెట్టే పోస్టుల విషయంలో 79వ సెక్షను రక్షణ ఇస్తుంది. ప్రభుత్వం చెప్పిన చట్టవిరుద్ధ సమాచారాన్ని తీయకపోతే ఆ రక్షణ పోతుంది. కంపెనీకి మన మాట మీద ప్రేమ ఎందుకుంటుంది? తీసేస్తే గొడవ వదిలిపోతుంది. ఈ సంస్థల కోసం చేసిన 2011 నిబంధనలు వచ్చిన కొత్తలో ఒక పరిశోధకుడు కావాలని లోపాలతో కూడిన తొలగింపు నోటీసులు ఏడు సంస్థలకు పంపి చూశాడు. ఆరు సంస్థలు అవసరానికి మించి తొలగించాయి. అందుకే కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ నోటిఫికేషన్ గానీ ఉంటేనే తీయాలని 2015 తీర్పు స్పష్టం చేసింది. ఇప్పుడు అదే సెక్షను ఆధారంగా కేంద్ర హోం శాఖ 2024 అక్టోబరులో సహయోగ్ అనే పోర్టల్ తెచ్చింది. పలు శాఖల అధికారులు, రాష్ట్రాల పోలీసులు దాని ద్వారా నేరుగా కంపెనీలకు తొలగింపు నోటీసులు పంపవచ్చు. 69ఎలో ఉన్న కమిటీ, విచారణ వంటి రక్షణలను పక్కనపెట్టి దొడ్డిదారి వేశారని ఎక్స్ (పాత ట్విట్టర్) సంస్థ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. 2025 సెప్టెంబరు 24న ఆ పిటిషన్‌ను కోర్టు తోసిపుచ్చింది. ఆ తర్వాతి నెలలో కేంద్రమే నిబంధన సవరించి, సంయుక్త కార్యదర్శి లేదా పోలీసుల్లో డీఐజీ స్థాయికి తగ్గని అధికారే నోటీసు ఇవ్వాలని, వాటిని నెలనెలా సమీక్షించాలని చెప్పింది. మంచి మార్పే. కానీ పోస్టు రాసిన మనిషి ఇందులోనూ ఎక్కడా లేడు.

ఇక మాటను కాదు, మొత్తం తీగనే కోసేయడం. 2019 ఆగస్టులో కశ్మీరులో ఆగిన ఇంటర్నెట్ పూర్తి వేగంతో, అంటే 4జీతో, తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఏడాదిన్నర. ప్రవేశ పరీక్షల దరఖాస్తులు, ఆపిల్ పళ్ల బేరాలు, కరోనా కాలంలో పిల్లల పాఠాలు అన్నీ ఆ ఏడాదిన్నరలోనే నలిగాయి. కశ్మీర్ టైమ్స్ సంపాదకురాలు అనురాధా భసీన్ సుప్రీంకోర్టుకు వెళితే, అసలు ఏ ఉత్తర్వుల కింద ఇదంతా జరిగిందో అవన్నీ ప్రభుత్వం కోర్టు ముందు కూడా పెట్టలేదు. నిరవధికంగా ఇంటర్నెట్ ఆపడం చెల్లదని, ప్రతి ఉత్తర్వునూ ప్రచురించాలని, అప్పుడే జనం సవాలు చేయగలరని 2020 జనవరి 10న కోర్టు చెప్పింది. ఆ పాత్రికేయురాలి పోరాటం వల్ల దేశంలో ప్రతి ఒక్కరికీ దక్కిన హక్కు ఇది.

మనకూ ఆ అనుభవం ఉంది. 2022 మే 24న జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో హింస జరిగింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. మొదటి రెండు రోజులు ఎవరూ తప్పుపట్టరు. కానీ అది పది రోజులు దాటింది. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు సంచిలో పెట్టుకుని సిగ్నల్ అందే గోదావరి గట్టుకు చేరారు. చెట్టు కింద, ఏటి ఒడ్డున కూర్చుని విదేశాల్లోని కంపెనీలతో మీటింగులు చేసుకున్నారు. ఆ ఫొటోలను పత్రికలు సరదా వార్తగా వేశాయి. నాకు మాత్రం వాటిలో సరదా కనిపించలేదు. నిప్పు పెట్టినవారికీ, నిప్పుకు భయపడి తలుపులు వేసుకున్నవారికీ ఒకటే శిక్ష వేశారని అనిపించింది. రాజస్థాన్‌లో, అస్సాంలో పోటీ పరీక్షల్లో కాపీ కొట్టకుండా ఉండడానికి కూడా రాష్ట్రమంతటా నెట్ ఆపారు. 2024 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో ఉత్తర్వును కారణాలతో సహా ప్రచురించాలన్న మాట చేరింది. ఈసారి మీ జిల్లాలో నెట్ ఆగితే కలెక్టరు కార్యాలయాన్ని అడగవలసిన మొదటి ప్రశ్న, ‘ఎప్పుడు వస్తుంది’ కాదు, ‘ఉత్తర్వు ఏది’ అన్నది.

గెలిచిన పోరాటాలను ఒకచోట పెట్టి చూస్తే ఒక పోలిక కనబడుతుంది. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలపై ఏది నిజమో ఏది అబద్ధమో ప్రభుత్వమే నియమించిన నిజనిర్ధారణ విభాగం తేల్చే నిబంధనను 2023 ఏప్రిల్లో తెచ్చారు. హాస్య కళాకారుడు కునాల్ కామ్రా, ఎడిటర్స్ గిల్డ్ బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. ఇద్దరు న్యాయమూర్తులు చెరొక మాట చెప్పగా, మూడో న్యాయమూర్తి 2024 సెప్టెంబరు 20న ఆ నిబంధన చెల్లదన్నారు. యూట్యూబ్‌లో వార్తలు చెప్పేవారిని కూడా ప్రసార సంస్థల కిందికి తెచ్చే బిల్లు ముసాయిదాను 2024లో ఎంపిక చేసిన కొందరికే, ఎవరి ప్రతి వారికి గుర్తు వేసి మరీ ఇచ్చారు. అయినా విషయం బయటికి వచ్చింది. చిన్న గదిలో ఒక కెమెరా, ఒక దీపం పెట్టుకుని మాట్లాడే వేలమందికి తమ మెడ మీదికి వస్తున్నది అర్థమైంది. ఆగస్టులో ఆ ప్రతులను వెనక్కి తీసుకున్నారు. 66ఎ, నిజనిర్ధారణ నిబంధన, ప్రసార బిల్లు, మూడూ జనం కళ్లముందు ఉన్న రాతలు. చదవగలిగారు, నిలదీశారు, ఆపగలిగారు. 69ఎ కింద వెళ్లే వేల ఉత్తర్వుల దగ్గర అదే జనం ఏమీ చేయలేకపోతున్నారు. ఓపిక తగ్గి కాదు, చేతిలో కాగితం లేక.

కంపెనీలు మన తరఫున పోరాడతాయన్న ఆశ కూడా పెట్టుకోకూడదు. 39 లింకుల విషయంలో, ఖాతాదారులకు నోటీసే ఇవ్వలేదంటూ ట్విట్టర్ 2022లో కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. 2023 జూన్ 30న పిటిషన్ కొట్టివేస్తూ కోర్టు 50 లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టమంది. ఆ ఖాతాదారుల్లో ఒక సామాన్యుడు ఉండి, అతనికి ఉత్తర్వు చేతికంది ఉంటే, తన గోడు తానే చెప్పుకునేవాడు.

ఇప్పుడు వ్యవహారం ఒక చిన్న మాట దగ్గర ఆగి ఉంది. ఆపవలసిన సమాచారం పెట్టిన ‘వ్యక్తిని లేదా మధ్యవర్తి సంస్థను’ గుర్తించి నోటీసు ఇవ్వాలని 2009 నిబంధనల్లో 8వది చెబుతుంది. వివరణ ఇచ్చుకోవడానికి కనీసం 48 గంటలు ఇవ్వాలంటుంది. ఆ ‘లేదా’ను పట్టుకుని అధికారులు కంపెనీకి చెప్పి ఊరుకుంటున్నారు. రాసిన మనిషి తెలిసినవాడైతే అతని వాదన కూడా వింటారనే అర్థంలోనే 2015 తీర్పు ఆ నిబంధనలను సమర్థించింది. దీన్నే సవాలు చేస్తూ సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. గుర్తించగలిగిన మనిషి ఉంటే అతనికి నోటీసు వెళ్లాలని ప్రాథమికంగా అభిప్రాయపడుతూ, 2025 మార్చిలో కోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది. ఆ ‘లేదా’కు బదులు ‘మరియు’ అని చదవాలని కోర్టు చెబితే, కట్నాల లెక్కల వెబ్‌సైటు పెట్టిన మనిషి లాంటి వారికి రేపు నాలుగేళ్ల తర్వాత కాకుండా ముందుగానే రెండు దక్కుతాయి: కారణం రాసి ఉన్న ఒక కాగితం, జవాబు చెప్పుకోవడానికి 48 గంటలు.